పన్నుల పంపకము – వరాఛా చెప్పు సాక్ష్యము

"మా పన్ను మాకే" అను నినాదము ఈ మధ్యకాలమున మన దేశమునందు పలుతావుల వినవచ్చుచున్నది. తాము కేంద్రమునకు ఒక్క రూపాయి పంపినచో తమకు తిరిగివచ్చునవి కొన్ని పైసలు మాత్రమే యనియు, తక్కినదంతయు వెనుకబడిన రాష్ట్రముల పాలగుచున్నదనియు సంపన్న రాష్ట్రముల నాయకులు సభలలో లెక్కలు వల్లించుచున్నారు. 2024 ఫిబ్రవరిలో కర్ణాటక ముఖ్యమంత్రి సిద్ధరామయ్య తన మంత్రులతో ఢిల్లీకి పోయి జంతర్ మంతర్ కడ ధర్నా సల్పెను. అదే యేడు సెప్టెంబరులో కేరళ, తమిళనాడు, కర్ణాటక, తెలంగాణ, పంజాబు రాష్ట్రముల మంత్రులు తిరువనంతపురమున కూడి ఇదే విషయమును చర్చించిరి. వారు చెప్పినదానిలో కొంత న్యాయము కలదు. దానిని ముందుముందు విచారింతము. కాని ఆ న్యాయమైన మాటల వెనుక నడచివచ్చుచున్న నినాదము మాత్రము న్యాయమైనది కాదు. అది సంపద ఎట్లు పుట్టునో ఎరుగని నినాదము. లేదా ఎరిగియు దాచిపెట్టు నినాదము. దానిని పరీక్షించి చూచుటకు సూరత్ నగరమునందలి వరాఛా కంటె తగిన తావు మరియొకటి కానరాదు.

గుజరాత్ రాష్ట్రము సంపన్నమైనదనుటకు ఎవరైనను వ్రేలెత్తి చూపదగిన పేటలలో వరాఛా యొకటి. ఇచట వీధివీధిని వజ్రముల కార్ఖానాలు. ఘంటీ అని పిలువబడు సానబల్ల చుట్టును పనివారు కూర్చుండి, ఆఫ్రికానుండియు, రష్యానుండియు, కెనడానుండియు వచ్చిన ముడిరాళ్లకు ముఖములు తీర్చుచుందురు. ప్రపంచమున సానపట్టబడు వజ్రములలో అత్యధిక భాగము ఈ నగరపు చేతులమీదుగా పోవలసినదే. మినీబజారున చిన్న కాగితపు మడతలను విప్పి, అందలి రాళ్లను వెలుతురున పరికించుచు బేరమాడు దళారులను చూచిన క్రొత్తవానికి, భూమిలోని భాగ్యమంతయు ఇచటనే పండుచున్నదా యనిపించును. వజ్రములకు తోడు మరమగ్గములు. అశ్వినీకుమార్ రోడ్డు మొదలుకొని ఆ చుట్టుపట్ల రేయింబవళ్లు ఆగని చప్పుడు.

ఈ పనివారెవరు? వజ్రములకు సానపట్టువారు ప్రధానముగ సౌరాష్ట్రమునందలి అమ్రేలి, భావనగర్ మున్నగు జిల్లాల కరవుపల్లెలనుండి తరలివచ్చినవారు. మరమగ్గములకడ నిలుచువారిలో పెక్కుమంది ఒడిశాలోని గంజాం జిల్లావారు. ఇదే నగరమున లింబాయత్ మున్నగు పేటలలో తెలంగాణ జిల్లాలనుండి వచ్చిన మన పద్మశాలీలు తరములుగ కాపురమున్నారు. బీహారువారును, ఉత్తరప్రదేశమువారును, ఖాందేశపు మరాఠీలును వీరికి తోడు. సూరత్ సంపన్నమైనదనుట సత్యము. ఆ సంపద సూరత్‌దే యనుట అర్ధసత్యము. సగము సత్యము పూర్తి అసత్యముకంటె అపాయకరమైనది. ఏలయన దానిని ఖండింప బూనినవాడు మొదట దానిలోని సత్యభాగమునకు తల యొగ్గవలసివచ్చును.

పన్ను ఎచట వసూలగునో అచటనే పుట్టుననుట ఈ నినాదమునకు మూలమైన భ్రమ. వరాఛాలో కోసిన రాళ్లను అమ్ము సంస్థలలో పెద్దవానికి ప్రధాన కార్యాలయములు చిరకాలము ముంబయిలోనే యుండెను. 2023 డిసెంబరులో ఖజోద్ కడ ప్రారంభింపబడిన సూరత్ డైమండ్ బోర్స్, ఆ వర్తకమును సూరత్‌నకు మరలింపవలెనను కోరికతో కట్టినదే. అనగా, రాయి కోసినవాడు వరాఛాలో. వానిని కని పెంచినవారు అమ్రేలి పల్లెలో. లాభము మీది పన్ను ముంబయి పద్దులో. "వసూలైన చోటికే పన్ను" అను న్యాయమును నిలిపినచో గుజరాత్ తన వజ్రముల ఆదాయపుపన్నును మహారాష్ట్రమునకు ధారపోయవలెను. అపుడు ఈ నినాదమును పలికినవారే మొదట గగ్గోలు పెట్టుదురు.

మరియొక దృష్టాంతము. సూరత్‌లో నేసి, అద్దకమువేసిన చీర గుంటూరులో అమ్ముడైనది. దానిపై పన్ను చెల్లించినవారెవరు? సూరత్ వర్తకుడు కాడు. ఆ చీర కొన్న గుంటూరు ఇల్లాలు. 2017 జూలై 1 నుండి అమలునకు వచ్చిన వస్తుసేవల పన్ను ఈ సత్యమును గుర్తించి, రాష్ట్రభాగమును సరుకు చేరిన రాష్ట్రమునకే చెందజేయుచున్నది. ఇది సరిక్రొత్త సూత్రమును కాదు. 1957లోనే రాష్ట్రములు బట్టలపైని, చక్కెరపైని, పొగాకుపైని అమ్మకపుపన్నును విడిచిపెట్టి, దానికి మారుగ కేంద్రము అదనపు ఎక్సైజు సుంకము విధించి రాష్ట్రములకు పంచిపెట్టుటకు అంగీకరించినవి; ఆ పంపకమున వినియోగమే ముఖ్యమైన కొలతగ నుండెను. రేవుల మాట చూతము. కాండ్లాలోను, ముంద్రాలోను దిగిన సరుకుపై కస్టమ్సు సుంకము గుజరాత్ గడ్డపై వసూలగును. ఆ సరుకు హర్యానాకో రాజస్థానమునకో పోవును. సుంకపు బరువు ధరలో చేరి అచటి కొనుగోలుదారుని నెత్తిన పడును. నది యొక్క నీరంతయు రేవుకడ కనబడుచున్నదని, ఆ నీరు రేవులోనే ఊరినదనువానిని ఏమందుము?

ఈ తర్కము మన పూర్వులకు తెలియనిది కాదు. రాజ్యాంగము 280వ అధికరణము ననుసరించి 1951లో ఏర్పడిన మొదటి ఆర్థిక సంఘమునకు క్షితీశచంద్ర నియోగి అధ్యక్షుడు. ఆనాడు సూరత్ బొంబాయి రాష్ట్రములోనిది. ఆదాయపుపన్ను వసూలైన చోటికే పెద్దపాలు దక్కవలెనని బొంబాయి వాదించెను. పశ్చిమ బెంగాలును ఆ పక్షముననే నిలిచెను. నియోగి సంఘము వారి వాదమును పూర్తిగ త్రోసివేయలేదు, పూర్తిగ మన్నింపనూ లేదు. రాష్ట్రముల భాగమున 80 వంతులు జనసంఖ్యను బట్టియు, 20 వంతులు మాత్రము వసూలును బట్టియు పంచవలెనని చెప్పెను. సంథానం అధ్యక్షతన రెండవ సంఘము వసూలు తూకమును 10 వంతులకు దించెను. మూడవ, నాలుగవ సంఘములు మరల 20కి తెచ్చెను. అయిదవది మరల 10కి దించెను. ఆ నాలుగవ సంఘమునకు అధ్యక్షుడు మన పి. వి. రాజమన్నారు, మద్రాసు హైకోర్టు ప్రధాన న్యాయమూర్తిగ పనిచేసిన ఈయనను "తప్పెవరిది" నాటకకర్తగ తెలుగువారెల్ల ఎరుగుదురు. ఇన్ని తర్జనభర్జనల నడుమ వసూలునకు అయిదవ వంతుకంటె ఎక్కువ తూకమిచ్చిన ఆర్థిక సంఘము ఒక్కటియు లేదు. పదవ సంఘము నాటికి ఆ కొలత పూర్తిగ తొలగిపోయినది.

2000లో జరిగిన 80వ రాజ్యాంగ సవరణతో కేంద్రపు పన్నులన్నియు ఒక్క రాశిగ చేరి, ఆ రాశిలో ఇంత శాతము రాష్ట్రములదను పద్ధతి ఏర్పడెను. వై. వి. రెడ్డి అధ్యక్షతన పదునాలుగవ సంఘము ఆ భాగమును 42 శాతమునకు పెంచెను. ఎన్. కె. సింగ్ అధ్యక్షతన పదునైదవ సంఘము 2021–26 కాలమునకు 41 శాతముగ నిర్ణయించెను. అందు రాష్ట్రముల నడుమ పంపకమునకు తలసరి ఆదాయపు ఎడమునకు 45 వంతుల తూకమును, జనసంఖ్యకును విస్తీర్ణమునకును 15 వంతుల చొప్పునను, జనాభా అదుపునకు 12.5, అడవులకు 10, పన్ను వసూలు శ్రద్ధకు 2.5 వంతులను ఇచ్చెను. ఫలితముగ ఉత్తరప్రదేశమునకు 17.939 శాతము, బీహారునకు 10.058, ఆంధ్రప్రదేశమునకు 4.047, గుజరాత్‌నకు 3.478, తెలంగాణకు 2.102 శాతము వచ్చెను.

ఈ అంకెలను చూచి ఆవేశపడువారు మరి రెండు అంకెలను చూడవలెను. పదునాలుగవ సంఘము నాడు గుజరాత్ భాగము 3.084 శాతము, పదునైదవది దానిని 3.478కి పెంచెను. ఒడిశా భాగము 4.642 శాతము, అది 4.528కి దిగెను. మరమగ్గములకు మనుష్యులను పంపుచున్న బీదరాష్ట్రపు పాలు తరిగినది. ఆ మగ్గములు గల సంపన్నరాష్ట్రపు పాలు పెరిగినది. బీదలు ధనికులను దోచుకొనుచున్నారను కథ ఈ రెండంకెల యెదుట నిలువజాలదు. ఇక అరవింద్ పనగారియా అధ్యక్షతన పదునారవ సంఘము, 2026లో మొదలగు అయిదేండ్లకు 41 శాతమునే నిలిపి, దేశోత్పత్తికి రాష్ట్రము చేసిన దోహదమునకు 10 వంతుల తూకమును క్రొత్తగ చేర్చెను. పదవ సంఘము నాడు వెళ్లగొట్టబడిన పాత అతిథి వేషము మార్చుకొని మరల పంక్తిలో కూర్చున్నాడు.

దేశోత్పత్తికి దోహదమనగా నేమి? వరాఛాలో మీటరు బట్ట నేసినపుడు దాని విలువ గుజరాత్ పద్దున చేరును. కాని ఆ నేతగాడు ఆకాశమునుండి ఊడిపడలేదు. వాడు గంజాం పల్లెలో పుట్టెను. వానికి టీకాలు వేసినది అచటి ఆరోగ్యకేంద్రము. అక్షరములు నేర్పినది అచటి బడి. కరవునాడు వాని యింటికి బియ్యమిచ్చినది అచటి చౌకదుకాణము. యుక్తవయస్సు రాగానే వాడు రైలెక్కి సూరత్ చేరును. రోజునకు పండ్రెండు గంటలు మగ్గములకడ నిలుచును. మెస్సుగదిలో ఒకే పరుపుపై పగటిపాళివాడు లేవగా రాత్రిపాళివాడు పండుకొను బ్రతుకు బ్రతుకును. ఏండ్ల తరబడి ఆ చప్పుడునకు చెవులు మందగించి, దూదిదుమ్మునకు రొమ్ము బలహీనపడినపుడు మరల రైలెక్కి ఊరు చేరును. వాని బాల్యము గంజాముది, వార్ధక్యము గంజాముది. నడిమి యౌవనము మాత్రము సూరత్‌ది. యంత్రమును కొన్న యజమాని దాని వెల చెల్లించును. ఏటేట తరుగుదల లెక్కవేసి ఆదాయపుపన్నులో మినహాయింపు పొందును. ఈ మనుష్యుని వెల చెల్లించినవారెవరు? వాని తరుగుదలను ఏ పద్దులో వ్రాసినారు?

2020లో ఈ ప్రశ్నకు అందరి కన్నుల యెదుట జవాబు వచ్చెను. మార్చి చివర దేశమంతట లాక్‌డౌన్ విధింపబడగా సూరత్ మగ్గములు ఆగిపోయెను. కూలి లేదు, మెస్సున తిండి లేదు. ఏప్రిల్ నెలలో లస్కానాలోను, వరాఛాలోను వందలకొలది పనివారు వీధులలోనికి వచ్చి, తమ్ము ఊళ్లకు పంపుడని కోరిరి. మే నెలనుండి శ్రామిక్ రైళ్లలో వారు ఒడిశా చేరిరి. అచట వారిని పల్లెలలో విడిగ నుంచి, భోజనము పెట్టి, గడువు ముగిసినవారికి రెండువేల రూపాయల చొప్పున ఒడిశా ప్రభుత్వము ప్రోత్సాహక మిచ్చెను. మగ్గము తిరిగినన్నాళ్లు వాని శ్రమఫలము సంపన్నరాష్ట్రపు ఉత్పత్తి. మగ్గము ఆగిన మరునాడు వాడు బీదరాష్ట్రపు ఖర్చు. ఈ పద్ధతిని వ్యాపారమందురేమో కాని న్యాయమనరు. కేంద్రపు పన్నులలో ఒడిశాకు దక్కు భాగము ఈ ఋణమునకు వడ్డీ పాటియు కాదు.

న్యాయముగ చెప్పవలెనన్న, సూరత్ తన యొద్దకు వచ్చినవారిని పూర్తిగ విస్మరించినదని అనరాదు. ఆ నగరపాలక సంస్థ గుజరాతీతోబాటు హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియా, తెలుగు మాధ్యమములలో ప్రాథమిక పాఠశాలలు నడుపుచున్నది. పరరాష్ట్రమున తెలుగు పిల్లలకు తెలుగున చదువు చెప్పించిన నగరమునకు తెలుగువారు కృతజ్ఞులై యుండవలెను. అందుచేతనే ఆ నగరపు నిజమైన ఫిర్యాదును మనము సానుభూతితో వినవలెను. 2011 జనగణన ప్రకారము సూరత్ జనసంఖ్య 44 లక్షలకు పైన. ఆ పిమ్మట 2021లో జరుగవలసిన గణన జరుగలేదు. 2027 మార్చి 1వ తేదీని ప్రమాణముగ గొని గణన జరుపుదుమని 2025లో ప్రకటన వెలువడెను. ఈ నడుమ వచ్చిచేరిన లక్షలమంది నీరు త్రాగుచున్నారు, వీధులలో నడచుచున్నారు, ఆసుపత్రులకు వచ్చుచున్నారు; కాని పంపకపు లెక్కలో వారు లేరు. కనుక సూరత్ అడుగవలసినది "ఒడిశాకు ఎందుకిచ్చితిరి" అని కాదు; "మా ముంగిట నున్నవారిని ఎందుకు లెక్కింపలేదు" అని. మొదటి ప్రశ్న పొరుగువానిపై కత్తి నూరును. రెండవది అడుగవలసినవారినే అడుగును.

ఇక చరిత్ర. ఏరు దాటి తెప్ప తగులబెట్టినట్లు, సంపన్నులైన వెంటనే తమ నిన్నటి దినములను మరచుట రాష్ట్రములకును అలవాటే. మొదటి ఆర్థిక సంఘము 1952లో సహాయక గ్రాంటులు అవసరమని ఎంచిన ఏడు రాష్ట్రములలో సౌరాష్ట్రము ఒకటి. నేడు వరాఛాలో కోట్లకు పడగలెత్తిన వజ్రవర్తకుల తాతతండ్రులు ఆ సౌరాష్ట్రపు పల్లెలలోనివారే. 1960 మే 1న బొంబాయి రాష్ట్రము రెండుగ చీలినపుడు, లోటుతో పుట్టిన గుజరాత్ నిలద్రొక్కుకొనుటకై మహారాష్ట్రము కొన్నియేండ్లు సొమ్ము చెల్లించు ఏర్పాటు ఆ విభజన చట్టముననే చేయబడెను. అంతకుమించిన ముచ్చట మరియొకటి కలదు. 1956 మొదలు 1990ల ఆరంభము వరకు ఉక్కునకు దేశమంతట ఒకే ధర యుండునట్లు రైలు కిరాయిని సమానముచేసిరి. గనులు బీహారువి, ఒడిశావి, మధ్యప్రదేశమువి. గని ప్రక్కన కార్ఖానా పెట్టినవానికి కలుగవలసిన లాభము దీనితో మాయమై, సముద్రతీరమున కార్ఖానా పెట్టినవానికి బదిలీ అయ్యెను. పశ్చిమతీరపు పరిశ్రమ పెరుగుటకు ఇదియు ఒక మెట్టు. సుమారు మూడున్నర దశాబ్దములు బీదరాష్ట్రములు ధనికరాష్ట్రములకు పంచిపెట్టినవి. ఆ పంపకమునకు ఆర్థిక సంఘము లేదు, శాతము లేదు, ధర్నా లేదు. అందుచేత దానిని ఎవరును పంపకమనలేదు.

ఇతర దేశముల చరిత్రయు ఇట్టిదే. జర్మనీలో బవేరియా 1980ల నడుమ వరకు తోటి రాష్ట్రములనుండి సాయము గొనుచుండెను. ధనికురాలైన పిమ్మట 2013లో హెస్సెతో కూడి ఆ పంపకముపై రాజ్యాంగ న్యాయస్థానమున కెక్కెను. కెనడాలో 1957లో సమీకరణ చెల్లింపులు ఆరంభమైనపుడు అల్బెర్టా తొలి సంవత్సరములలో గ్రహీతయే. చమురు దొరకి భాగ్యవంతమైన పిదప అదే రాష్ట్రము ఆ పద్ధతికి గట్టి విమర్శకురాలయ్యెను. ఆస్ట్రేలియాలో పశ్చిమరాష్ట్రము 1933లో విడిపోవుటకు ఓటువేయగా, అట్టి రాష్ట్రముల కష్టము విచారించుటకై ఆ యేడే గ్రాంటుల సంఘమును నెలకొల్పిరి. ఇనుపగనులు కలిసివచ్చిన తరువాత ఆ రాష్ట్రమే తన వంతు చాలదని 2018లో క్రొత్త ఏర్పాటు సాధించుకొనెను. నేటి దాత నిన్నటి గ్రహీత. నేటి గ్రహీత రేపటి దాత కావచ్చును. పంపకమనునది దానము కాదు, భీమా. ఇల్లు కాలనన్నాళ్లు భీమా కిస్తు వృథాగనే తోచును.

ఈ విషయమున తెలుగువారికి గల అనుభవము మరియెవరికిని లేదు. 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగ ఏర్పడిన ఆంధ్రరాష్ట్రము మొదటినుండియు ఆర్థికముగ ఇక్కట్లలోనుండెను. తెలంగాణకు భూమిశిస్తు ఎక్కువ, ఏటా అయిదుకోట్ల వరకు ఆబ్కారీ రాబడి కలదనియు, ఈ తారతమ్యమే విశాలాంధ్రపై అచటివారి భయములకు ఒక కారణమనియు 1955లో రాష్ట్ర పునర్వ్యవస్థీకరణ సంఘము వ్రాసెను. 1956 ఫిబ్రవరి 20న కుదిరిన పెద్దమనుష్యుల ఒప్పందమున, ఉమ్మడి పాలనావ్యయమును ఉభయప్రాంతములు తగుపాళ్లలో భరింపగా, తెలంగాణ మిగులు తెలంగాణలోనే ఖర్చుకావలెనని మాట యిచ్చిరి. ఆ మాట నిలువలేదు. 1969లో ఆందోళన చెలరేగిన తరువాత కుమార్ లలిత్ ఒకమారు, జస్టిస్ భార్గవ సంఘము మరియొకమారు మిగుళ్ల లెక్క తేల్చవలసివచ్చెను. ఇద్దరి అంకెలును ఒకటి కాలేదు. కాని ఖర్చుకావలసినది కాలేదనుట ఇద్దరి లెక్కలలోను తేలెను.

దీనినుండి "పంచుటయే తప్పు" అను పాఠము నేర్చుకొనువారు కలరు. అది తప్పుపాఠము. తెలంగాణకు గాయమైనది పంచుటవలన కాదు. మధ్యవర్తి లేకుండ, పద్దులు చూపకుండ, ఇచ్చిన మాటను కాదని పంచుకొనుటవలన. ఉభయులలో బలవంతుడే త్రాసు పట్టినచో ఆ తూకమున న్యాయముండదు. మన రాజ్యాంగకర్తలు ఆర్థిక సంఘమును నెలకొల్పి, అయిదేండ్లకొకమారు క్రొత్తగ విచారింపుమని శాసించినది ఇందులకే. 2014 జూన్ 2న రాష్ట్రము విడిపోయినపుడు పాచిక తిరుగబడెను. హైదరాబాదు కార్యాలయముల పద్దులలో నున్న పన్ను బకాయీలు తెలంగాణకు చెందగా, తిరిగి చెల్లింపవలసిన పన్నులు మాత్రము జనసంఖ్యను బట్టి ఉభయులకును పంచబడినవని ఆంధ్రప్రదేశము మొరపెట్టుకొనెను. "వసూలైన చోటిదే పన్ను" అను న్యాయము ఎంత క్రూరమో అపుడు ఆంధ్రులకు తెలిసివచ్చెను. తెలంగాణ నేడు ఢిల్లీలో ఆ న్యాయమునే కోరునెడల, రేపు హైదరాబాదు నగరము ఆదిలాబాదు జిల్లాతో ఆ మాటయే యనును. సూరత్ నగరము డాంగ్ జిల్లాతో అనును. వరాఛా లింబాయతుతో అనును. మినీబజారు దాని వెనుకవీధితో అనును. ఈ మెట్లు దిగుచు పోయినచో తుదకు మిగులునది రాష్ట్రము కాదు, ఊరు కాదు. ఇనుపపెట్టె ముందు తాళపుచెవితో కూర్చున్న ఒక్క మనుష్యుడు.

కొన్ని అభ్యంతరములకు జవాబు చెప్పవలెను. జనాభాను అదుపుచేసిన రాష్ట్రములకు శిక్షయా యని దక్షిణాదివారు అడుగుచున్నారు. ఇది న్యాయమైన ప్రశ్న. పదునైదవ సంఘము 2011 జనసంఖ్యను ప్రమాణముగ గొని, అదుపునకు 12.5 వంతుల తూకమిచ్చినది అందులకే. అది చాలదనువారు ఎక్కువ తూకము కోరవచ్చును. కాని తూకము సరిలేదనుట వేరు, త్రాసునే పారవేయుమనుట వేరు. బీదరాష్ట్రముల పాలకులు సొమ్మును దుర్వినియోగము చేయుచున్నారు కదా యని మరికొందరు. చేయుచుండవచ్చును, సంపన్నరాష్ట్రముల పాలకులందరును గంగిగోవులా? తండ్రి తాగుబోతని చెప్పి బిడ్డ కంచము లాగికొనుట ఏ ధర్మశాస్త్రమునను లేదు.

ఈ కలహమున నిజమైన లాభము ఎవరిది? పిట్టపోరు పిట్టపోరు పిల్లి తీర్చినదని సామెత. 41 శాతమనునది కేంద్రము వసూలుచేయు ప్రతి రూపాయికిని వర్తించునది కాదు. సెస్సులును, సర్‌చార్జీలును పంచవలసిన రాశిలో చేరవు. కేంద్రపు మొత్తము పన్నులలో వీని పాలు 2011–12లో సుమారు పదవవంతు. 2020–21 నాటికి సుమారు అయిదవవంతు. 2021లో కొన్నినెలలు పెట్రోలు లీటరుపై కేంద్రపు సుంకము 32 రూపాయల 90 పైసలు. అందు రాష్ట్రములతో పంచుకొనవలసిన మూలసుంకము 1 రూపాయి 40 పైసలు మాత్రమే. మిగిలిన 31 రూపాయల 50 పైసలును పంక్తి బయట వడ్డించుకొన్నవే. కర్ణాటకయు బీహారును ఆ 1 రూపాయి 40 పైసల లోని తునక కొరకు జుట్టుజుట్టు పట్టుకొనుచుండగా, 31 రూపాయల 50 పైసలు నిశ్శబ్దముగ లోపలికి పోయెను. "మా పన్ను మాకే" అనువారు తమ కోపమును పాట్నాపైని, భువనేశ్వరముపైని చూపుట ఢిల్లీకి ఎంత సుఖమైన విషయమో వారు గ్రహింపకున్నారు.

మాటల విషయమును ఒకటి చెప్పవలసియున్నది. అనువాదవృత్తిలో నున్నవారికి ఇది కన్నునకు కొట్టినట్లు కనబడును. ఆర్థిక సంఘపు నివేదికల హిందీలో రాష్ట్రముల భాగమును "హిస్సా" యనియు, గ్రాంటును "అనుదాన్" అనియు వేర్వేరుగ వ్రాయుదురు. 270వ అధికరణము క్రింద వచ్చునది హిస్సా – వంతు. 275వ అధికరణము క్రింద వచ్చునది అనుదానము. కాని పత్రికలలోను, ఉపన్యాసములలోను ఈ రెండును కలిసిపోయి "కేంద్రము ఇచ్చిన నిధులు" అను ఒక్క మాటగ మారుచున్నవి. వంతు దానమై, దానము భిక్షయై, భిక్ష గొన్నవాడు సోమరియై చివరకు నినాదము పుట్టుచున్నది. ఒక్క మాటను తప్పుగ అనువదించినచో ఇంతటి పాపము మూటగట్టుకొందుము. రాజ్యాంగము 281వ అధికరణము ప్రకారము పార్లమెంటు ముందుంచబడు ఈ నివేదికలు ఇంగ్లీషులోను హిందీలోను దొరకును. తెలుగు చదువరికి, ఒడియా చదువరికి తన వంతు ఎట్లు నిర్ణయింపబడినదో తన భాషలో చదువుకొను భాగ్యము లేదు. లెక్క తెలియనిచోట అనుమానము పెరుగును. అనుమానము పెరిగినచోట నినాదము వ్యాపించును.

కనుక కోరదగినవి ఇవి. సెస్సులును సర్‌చార్జీలును కొంత పరిమితిని మించిన వెంటనే పంచవలసిన రాశిలో చేరునట్లు రాజ్యాంగమును సవరింపవలెను. జనగణనను ఇక వాయిదావేయరాదు; వలసవచ్చిన పనివానిని అతడు పనిచేయు నగరపు లెక్కలోను, అతని కుటుంబమును పోషించు పల్లె లెక్కలోను గుర్తించు కొలతను వెదకవలెను. దేశోత్పత్తికి దోహదమనునది కొలతగ నుండదలచినచో, ఆ ఉత్పత్తికి మనుష్యులను పెంచి పంపిన రాష్ట్రముల దోహదమును దాని ప్రక్కనే వ్రాయవలెను. ఆర్థిక సంఘపు నివేదిక రాజ్యాంగము గుర్తించిన భాషలన్నిటను ప్రజల చేతికి రావలెను.

సంస్కృతమున "కర" మనగా చేయి, కిరణము, పన్ను అను మూడర్థములును కలవు. రఘువంశమున కాళిదాసు దిలీపుని పన్నును, నీటిని గ్రహించి వేయిరెట్లుగ మరల వర్షించు సూర్యునితో పోల్చెనని మన ఆర్థికవేత్తలు తరచు ఉదాహరింతురు. ఆ ఉపమానమున వారు గమనింపని విశేషమొకటి కలదు. సూర్యుడు ఏ చెరువునుండి ఎంత నీరు గొనెనో ఆ చెరువుననే అంత కురియడు. ఎక్కువ నీరు ఇచ్చునది సముద్రము. వాన కురియునది కొండపై, బీడుపై. సముద్రము "నా నీరు నాకే" అని గర్జించి మేఘమును ఆపినచో మొదట ఎండునది కొండ. కాని కొండ ఎండిన పిదప నదులు రావు, నదులు రానిచో రేవులకును భాగ్యము లేదు. వరాఛాలో ఘంటీల చుట్టును, మగ్గముల నడుమను పనిచేయుచున్న చేతులు అట్టి కొండలనుండి దిగివచ్చినవి. ఆ చేతులకు వచ్చు వంతును భిక్షయనువారు, తాము తినుచున్న అన్నమును ఎవరు వండిరో అడుగుట మరచినవారు.